దూదిపుల్ల ముందు దొరతనం

మా తాత కథలాపూర్ దగ్గర మూడూళ్లకు దొర. మేనాలో తప్ప బయటికి వెళ్లేవాడు కాదట. ఒకరిని అడగడం మా వంశంలో లేదు.

నిరుడు నాకు రక్తక్యాన్సర్ వచ్చింది. నయం కావాలంటే వేరొకరి మూలకణాలు ఎక్కించాలన్నారు. తోబుట్టువులవి కలవలేదు. బయటి దాత కావాలి. దాతల కోసం కోరుట్లలో పెట్టిన శిబిరంలో, బుగ్గలోపల దూదిపుల్ల తిప్పి నమూనా ఇమ్మని వచ్చినవాళ్లను నేనే అడగాలి. చేతికిచ్చిన మైకును డాక్టరుకే తిరిగి ఇచ్చేశాను.

బీడీలు చుట్టే మా ఊరి లక్ష్మి లేచింది. "ఏంది దొరా, అడుగుటానికి నామోషా? మా తాత మీ మేనా మోసిండు. గిప్పుడు మా ఎంగిలి పనికొస్తదా?"

అందరూ నవ్వారు. నా చెవులు మండిపోయాయి.

"పనికొస్తది. ఇయ్యి లక్ష్మక్కా," అన్నాను. ఆమెను అక్కా అనడం అదే మొదలు.

"గట్ల అడుగు!" అని నోరు తెరిచింది. ఆమె వెనుక మిగతావాళ్లు వరుస కట్టారు.

ఇంకా ఎవరిదీ కలవలేదు. వచ్చే నెల సిరిసిల్లలో శిబిరం ఉంది, అక్కడా అడుగుతాను.

మందుల కోసం మేనా అమ్మేశాం.