బావ దరఖాస్తులో నేను కలిపిన వాక్యం

వేలూరులో రెజ్యూమే తయారుచేసిపెట్టే అంగడి ఒకటి ఉందని, వందమందిలో మన కాగితం మీదే కన్ను పడేలా చేస్తారని మొదట నాకు చెప్పింది మా అక్క మనవరాలు. మొన్న మా ఊరు గుడియాత్తం వచ్చినప్పుడు ఆ కాగితం నా ఒళ్లో పెట్టింది. తను ఏనాడూ చేయని ఉద్యోగం ఒకటి అందులో ఉంది. తీసెయ్యమన్నాను.

"అందరూ ఏసుకుంటారవ్వా, నువ్వు ఏ కాలంలో ఉండావు?" అని నవ్వింది. ఆ నవ్వుకు నాకు మా బావ గుర్తొచ్చాడు.

నేను బడికి పోలేదు. మా నాయన మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని తెలుగూ అరవమూ, పాత పేపర్లు చూపి ఇంగ్లీషూ నేర్పాడు. అది దేవుడి దయే అనుకుంటాను. లుంగీల నేత పడిపోయి మా వీధి మగవాళ్లంతా పని వెతుక్కునే రోజుల్లో వాళ్ల దరఖాస్తులన్నీ నా చేతిరాతే. మా అక్క భర్తా వచ్చాడు. ఊహ తెలిసినప్పటి నుంచి మగ్గం గుంతలో కాళ్లు పెట్టి బతికిన మనిషి. అటక మీది గంగాళం దించాలన్నా మా అక్కే నిచ్చెన ఎక్కేది, ఆయన కింద నిలబడి కళ్లు మూసుకునేవాడు. వేలూరులో పెద్ద కట్టడం లేస్తోందని, అక్కడ సరుకుల గది చూసుకునే పనికి రాయమన్నాడు. దానికి ఎంతమంది రాస్తారో తెలిసి, ఆయన కాగితం వేరుగా కనబడాలని, ఎత్తయిన కట్టడాల మీద మూడేళ్లు పనిచేశాడని ఒక వాక్యం కలిపాను. చదువురాని బావ అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ వాక్యం చూసే ఆయన్ను తీసుకున్నారు. మా వీధివాళ్లలో మరో ఆరుగురికీ అక్కడే పని దొరికింది. అందరూ కర్పూరం వెలిగించి సంతోషించారు. మొదటిరోజు సాయంత్రం బావ అరచేతులు ఒరుసుకుపోయి వచ్చాడు. నేను రాసింది చూసి, సరుకుల గదికి కాదు, నాలుగో అంతస్తు పరంజా మీదికి ఎక్కించారట.

"ఏం పాపా, నన్ను మబ్బుల్లోకి పంపినావే," అన్నాడు నవ్వుతూ. గోడ పట్టుకుని గడప దగ్గరే కూర్చున్నాడు.

రేపే వచ్చి అది అబద్ధమని ఒప్పుకుంటానని ఏడ్చాను.

"వద్దమ్మా. ఏడు కాగితాలూ నీ రాతే గదా. ఒకటి అబద్ధమంటే తక్కిన ఆరూ చింపేస్తారు. నేను మానేసినా ఎందుకని కూపీ తీస్తారు. వాళ్లిండ్లల్లో పొయ్యి ఎట్ల మండల్ల?"

ఆ తర్వాత ప్రతిరోజూ ఆయన తొలి బస్సుకు వెళ్లడం, నేను దేవుడి గూటి ముందు కూర్చోవడం, సాయంత్రం వీధిలో ఆయన చెప్పుల చప్పుడు వినబడేదాకా వాకిట్లో నిలబడటం. తొమ్మిదో రోజు తెల్లవారుతూనే ముసురు పట్టింది. ఆ సాయంత్రం చాలామంది చెప్పుల చప్పుడు వినబడింది. అందులో బావది లేదు. తడిసిన పరంజా పలక మీద కాలు జారి ప్రాణం పోయిందన్నారు.

మా అక్కకు అంతా చెప్పాను. ఆమె లేచి నాకు అన్నం పెట్టింది. ఆ అన్నానికి ఈనాటికీ దండం పెట్టుకుంటాను. ఆ ఆరుగురూ అక్కడే పనిచేసి పిల్లల్ని చదివించుకున్నారు.

ఇప్పుడు కాగితం రాసేవాళ్లకు ఆ మనిషి ముఖమైనా తెలియదట, చదివి ఏరేది కూడా యంత్రమేనట. మా రోజుల్లో రాసే చేతికి, ఆ మనిషి దేనికి నవ్వుతాడో, దేనికి భయపడతాడో అన్నీ తెలిసేవి. తెలిసీ రాశాను. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. సందెదీపం పెట్టేటప్పుడు మా బావను మాత్రం ఒక్కసారి తలచుకోండి.