వృత్తం నడుమ నేల

అరబ్బు దేశంలోని సీబ్‌లో కొత్త కాలనీకి రోడ్లు వేసే రోజుల్లో మా ఇంజినీరు ఒక జపాన్ పెద్దాయన. రోడ్లు కలిసే గుండ్రటి రౌండబౌట్ వచ్చిన ప్రతిచోటా, దాని నడుమ నేలను మాత్రం మిషన్‌తో తవ్వనిచ్చేవారు కాదు. మనుషులే పారలతో మెల్లగా తవ్వాలి.

ఒక మధ్యాహ్నం కరీంనగర్ మేస్త్రీకి ఓపిక పోయింది. "ఉత్త ఇసుకకు గింత నజాకత్ ఏంది సార్? ఇందుల బంగారం బొందవెట్టిన్రా?"

పక్కన రోడ్డు తవ్వే మిషన్ గురగురమంటూనే ఉంది. అతని మాట నేను ఇంగ్లీషులో చెప్పాను. పెద్దాయన నవ్వలేదు.

మంచూరియాను ఆక్రమించి జపాన్ కట్టిన రాజధాని షింక్యోలో ఆయన పుట్టారట. రైతుల పొలాలు లాక్కుని, నడుమ పెద్ద వృత్తం, దాని నుంచి నలువైపులా వెడల్పాటి రోడ్లు గీశారు. గీసినవారిలో ఆయన తండ్రి ఒకరు. యుద్ధంలో ఓడిన ఏటి చలికాలం, జ్వరంతో పోయిన ఆయన చెల్లెల్ని తండ్రీ కొడుకులు ఆ వృత్తంలోనే పూడ్చారు. నేల గడ్డకట్టి, గుంట మోకాలి లోతు కూడా దిగలేదు. తర్వాత వాళ్లను ఓడెక్కించి జపాన్ పంపేశారు.

"మల్ల పోయి చూసిండా, అడుగున్రి సార్," అన్నాడు మేస్త్రీ.

"వెళ్లాను. అంతా తవ్వి పూలతోట వేశారు," అన్నారు పెద్దాయన. "ఎముకలు ఏమయ్యాయని ఎవరిని అడగను? ఆ నేల మేం లాక్కున్నదే."

ఆ మాట నేను తెలుగులో చెప్పాక, మేస్త్రీ పోయి మిషన్ ఆపించాడు.