ముల్లు పక్కన తడి

దెయ్యం ఉందని ఎవరైనా రుజువు చేస్తే జీవితాంతం నోరు మూసుకుంటానని రాజాం మెయిన్ రోడ్డు మీద మైకు పట్టుకుని సవాలు విసిరినవాణ్ణి నేను. ఎవరూ రాలేదు. ఆ సవాలు ఇప్పటికీ ఉంది. ఇది చదివి "చూశారా, దారిలోకి వచ్చాడు" అని సంబరపడేవాళ్ళు కాస్త ఆగండి.

మా బావ, అంటే అక్క భర్త, కళింగపట్నంలో ఎండుచేపల వ్యాపారి. మందు ముట్టడు. ఎప్పుడో ఒంట్లో చేరిన కామెర్ల వైరస్ కాలేయాన్ని తినేసి, చివరికి ముందు భాగంలో క్యాన్సర్ గడ్డ పెట్టింది. విశాఖలో డాక్టర్లు ఆ గడ్డకు రక్తం తెచ్చే నాళంలోకి సన్నటి గొట్టం పంపి, మందు వదిలి, దారి మూసేశారు. రక్తం అందక గడ్డ చావాలి. చచ్చినట్టే స్కాన్‌లో కనిపించింది. ఆ తర్వాత కాలేయ మార్పిడి. అక్క తన కాలేయంలో పెద్ద ముక్క ఇచ్చింది.

తీసేసిన పాత కాలేయాన్ని ల్యాబ్‌కు పంపారు. దాన్ని పలచగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తారు. గడ్డ పూర్తిగా చచ్చి ఉంటే జబ్బు తిరగబెట్టే భయం తక్కువ. బతికిన కణాలు మిగిలి ఉంటే ఎక్కువ. అక్క ఇచ్చింది నిలుస్తుందా, బూడిదలో పోసినట్టవుతుందా అన్నదే మా అందరి బెంగ.

ఆపరేషన్ మర్నాడు ఐసీయూలోకి వెళ్ళాను. అప్పుడే శ్వాస గొట్టం తీశారు. బావ ముందు అక్క సంగతి అడిగాడు. బాగుందన్నాను. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు:

"ముందరది ఎండిపోనాదిరా. ఎనకాల ఇంకోటున్నాది. పెద్ద నరం పక్కన. ముల్లు పక్కన తడున్నట్టున్నాది. ఎండనేదు."

"ఎవులు సెప్పినారు బావా?"

"ఎవులు సెప్తారు? సెయ్యెట్టి సూసినాను."

ఎండుచేప కొనేవాడు వెన్నుముల్లు పక్కన బొటనవేలితో నొక్కి చూస్తాడు. పైకి కర్రలా ఎండినా అక్కడ తడి ఉంటే పురుగు పడుతుంది. ఒక్క చేప గంపంతా పాడుచేస్తుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ బావ చేస్తున్న పని అదే. మత్తులో ఆ పనే కలవరిస్తున్నాడనుకున్నాను. అక్కకు చెప్పలేదు.

మరుసటి వారం రిపోర్టు వచ్చింది. ముందున్న గడ్డ పూర్తిగా చచ్చిందన్నారు డాక్టరు గారు. కానీ వెనక, పెద్ద సిర పక్కన, స్కాన్లకు అందని చిన్న గడ్డ ఇంకొకటి దొరికింది. అందులో బతికిన కణాలున్నాయి.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది: "అయితే నానిచ్చింది దండగేనా బాబూ?"

దండగ కాదమ్మా, కణాలు రక్తనాళంలోకి పాకలేదు, భయం కొంచెం పెరిగిందంతే, మూణ్ణెల్లకోసారి పరీక్షలు చేస్తూ ఉందాం అన్నారాయన. నాకు సగమే వినబడింది. ఎవడో ముందే బావ చెవిన వేశాడు. ఎవడు? నా బుర్రంతా అదే.

సర్జన్‌ను నిలదీశాను. కాలేయాన్ని కోయకుండానే మందు నీళ్ళలో వేసి పంపామనీ, పైనుంచి చూస్తే ఆ గడ్డ తెలిసే వీలే లేదనీ చెప్పాడు. ల్యాబ్‌లో వాకబు చేశాను. బావ ఆ మాట అన్నప్పటికి వాళ్ళింకా కత్తి పెట్టనేలేదు. పాత స్కాన్లు పట్టుకుని విజయనగరంలో వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎక్కడ వెతకాలో చెప్పినా ఆయనకు ఏమీ కనబడలేదు. కాకతాళీయం అందామా? వేదికల మీద వెయ్యిసార్లు వాడిన మాట. ఈసారి నా నోటికే చప్పగా తగిలింది.

బావ ఇంటికొచ్చాక అమ్మవారు పూనే ఒకావిడ వచ్చి, ఇదంతా అమ్మ తనకు ముందే చెప్పిందంది. "మరి ముందే మాకెందుకు సెప్పనేదమ్మా?" అన్నాను అందరి ముందూ. ఆవిడ కాఫీ సగంలో వదిలి లేచింది. ఇలాంటి మోసాన్ని నేను నిమిషంలో చీల్చి చెండాడగలను. కానీ బావ తనకు ఏ మహిమా ఉందనడే! అసలు ఆ మాటే గుర్తులేదంటాడు.

"నానలాగన్నానా? మత్తులో ఏటో వాగీసుంటాను. నువ్వు నమ్మీసినావేటి, అంత సదువుకున్నోడివి?" అని కుట్లు పట్టుకుని నవ్వాడు.

నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. ఎలా తెలిసిందో మాత్రం చెప్పలేను.

మొన్న పరీక్షలకు బయల్దేరుతూ, అడగకూడదనుకుంటూనే అడిగాను. "బావా, లోపల ఏటేనా తెలుస్తన్నాదా?"

బావ నావైపు వింతగా చూశాడు. "స్కానున్నాది కదరా. నన్నడుగుతావేటి?"

కారులోంచి అక్క నా మొహం చూసింది. నేను తల తిప్పుకున్నాను.

సాయంత్రం డాక్టరు గారు అంతా బాగుందన్నారు. అక్క ఏడ్చింది. నేను మాత్రం బావ మొహంలోకే చూస్తూ నిలబడ్డాను, తను కూడా బాగుందంటాడేమోనని.