ముగ్గు కింద పాతర

వీరమ్మాళ్ ఇంటి ముందు వాకిలంతా ముగ్గు పడేది, ఒక్కచోట తప్ప. బండిచక్రమంత గుండ్రటి నేల అది. ఊడ్చేది, పేడనీళ్ళు చల్లేది. పిండి మాత్రం దాని మీద రాలనిచ్చేది కాదు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలెవరైనా తెలియక చెయ్యి చాపితే "ఆడ ఎయ్యొద్దు" అనేది. ఎందుకని అడిగితే కోపం వచ్చేది. ఆ కోపం వాళ్ళ మీద కాదు. అది చాలా పాతది.

ఆమె పుట్టింది శ్రీవిల్లిపుత్తూరు పక్కన, వరి పండే చోట. ఇచ్చింది కరిసల్‌పట్టికి. కోవిల్‌పట్టికి తూర్పున, రైలు రోడ్డుకు దూరంగా, నల్లరేగడి మధ్య ఉన్న తెలుగు రైతుల ఊరు. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం. తినేది జొన్న సంకటి. బియ్యం పండగనాటి మాట. వచ్చిన ఏడాదే అత్త సుబ్బమ్మాళ్ ఆమెను వాకిట్లోకి పిలిచి, మట్టి తవ్వి, రాతిమూత జరిపి, నేలలో మనిషి దిగేంత గొయ్యి చూపించింది. దాన్నిండా జొన్నలు. అదే పాతర.

"పుట్టింటోళ్ళకు గూడ చెప్పొద్దు" అంది అత్త. "గింజ ఎంతుందో ఊరికి తెలీకూడదు. లేదని అసలే తెలీకూడదు."

ఆ ఊళ్ళో ఇల్లు చూసి పిల్లనిచ్చేవాళ్ళు కాదు. పాతరలో ఎంతుందో ఊహించుకుని ఇచ్చేవాళ్ళు. పాతర పరాయివాడి ముందు తెరవడమంటే కట్టుకున్న చీర విప్పడమంత సిగ్గు.

వీరమ్మాళ్ మొగుడు జ్వరంతో ముందే పోయాడు. కొడుకు కృష్ణసామిని ఆమే పెంచి, దున్నడం నేర్పించి, పెళ్ళి చేసింది. అత్తను తన దగ్గరే ఉంచుకుంది. పక్కింట్లో బావ, సుబ్బమ్మాళ్ పెద్ద కొడుకు తిరుపతిసామి. ఊరికి పెద్ద ఆయనే. ఆయన మాటకు ఎదురుండేది కాదు.

పందొమ్మిదివందల ముప్పైల తొలినాళ్ళలో ఒక కార్తీకం. వాన పట్టుకుని వదల్లేదు. ఎగువ చెరువు తెగింది. నీళ్ళు చేలమీదుగా వచ్చి వీధిలో మోకాటిలోతున నిలిచిపోయాయి. ఇళ్ళన్నీ రాతి అరుగుల మీద కట్టినవి కాబట్టి గోడలు నానాయి గాని పడలేదు. చేలో జొన్న, పత్తి పడుకుని కుళ్ళిపోయాయి. నీళ్ళు తీశాక ఆడవాళ్ళు పాతరలు తెరిచారు. లోపలి నుంచి వేడి కొట్టింది. పులిసిన కల్లు కంపు. గింజలు ఉబ్బి, మొలకలెత్తి, నల్లటి ముద్దలయ్యాయి. వీధి పొడుగునా ఏ పాతరా మిగల్లేదు.

తంగం అప్పుడు పచ్చి బాలింత. వీరమ్మాళ్ కోడలు.

విరుదునగర్‌లో వ్యాపారులు కొందరు కలిసి వరద సాయానికి సంఘం పెట్టారు. ధాన్యం పోగుచేశారు. ఉన్నది తక్కువ, మునిగిన ఊళ్ళు ఎక్కువ. ఎవరికి ముందు ఇవ్వాలన్నది తేల్చాలి. వాళ్ళు తేల్చుకున్న తీరు ఇది: ఇళ్ళు కూలిన ఊరికి ముందు, గోడలు నెర్రెలిచ్చిన ఊరికి తర్వాత, ఇళ్ళు నిలిచిన ఊరికి ఆఖరు. వినడానికి న్యాయంగానే ఉంది. అన్నం గోడలో ఉంటుందని అనుకున్నవాడికి ఏదైనా న్యాయంగానే ఉంటుంది.

సంఘంవాళ్ళు చూడ్డానికి వస్తున్నారని కబురు రాగానే తిరుపతిసామి వీధిలో నిలబడి కేకేశాడు.

"పెద్దమనుషులు వస్తా ఉండారు! వాకిళ్ళు అలకండి. పాతర్లు మూసి పైన ముగ్గెయ్యండి. సాంబ్రాణి పొగెయ్యండి, ఈ కుళ్ళు నాతం రాకూడదు."

"నాతం వస్తేనే గదా బావా, వాళ్ళకు తెలిసేది?" అంది వీరమ్మాళ్.

"మొగం తెలీనోళ్ళ ముందర పాతర తెరస్తావా? మన మానం ఏంగావాల?"

అరుగు మీదనుంచి సుబ్బమ్మాళ్ తల ఊపింది. "వాడు చెప్పేది నిజమే అమ్మీ. మానం ఒండుకోని తినొచ్చు. కాస్త ఉప్పెయ్యి, అంతే."

"అమ్మా, నువ్వు గమ్మునుండు" అన్నాడు తిరుపతిసామి.

వీరమ్మాళ్ ఊరందరిలాగే చేసింది. మట్టి కప్పి, అలికి, పాతర మూతకు సరిగ్గా పైన పెద్ద పద్మం వేసింది. పండక్కని దాచిన బియ్యం తీసి వండింది. ఇంటికి వచ్చినవాళ్ళకు సంకటి పెట్టడమా?

వచ్చినవాళ్ళలో పెద్ద మునియప్పన్. విరుదునగర్‌లో మిరపకాయలు, పప్పుధాన్యాల వ్యాపారి. చెడ్డవాడు కాదు. చేతికర్రతో గోడలు తట్టి చూశాడు. గట్టిగా పలికాయి. పద్మం అంచున నిలబడి మెచ్చుకున్నాడు.

"ఇంత వరదలోనూ వాకిట్లో ముగ్గు తప్పలేదు. చూస్తే కడుపు నిండిపోతుంది" అన్నాడు తమిళంలో.

అన్నం తిన్నాడు. మారు వడ్డిస్తే వద్దనలేదు. తిరుపతిసామి చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. వడ్డిస్తున్న వీరమ్మాళ్‌కు గొంతుదాకా మాట వచ్చింది. బావ ముఖం చూసి మింగేసింది.

కరిసల్‌పట్టి ఆఖరి వరుసలో పడింది. ఇళ్ళు నిలిచిన ఊరు. పైగా బియ్యం తినే ఊరు.

ముందు రైలు రోడ్డు పక్క ఊళ్ళకు వెళ్ళాయి మూటలు. అక్కడ గోడలు పడ్డమాట నిజమే. కానీ అక్కడివాళ్ళకు రైలుంది, పట్నంలో చుట్టాలున్నారు, అరువిచ్చే అంగళ్ళున్నాయి. ఆ తర్వాత తూర్పు ఊళ్ళ వంతు వచ్చింది. ఆ బండ్లు కరిసల్‌పట్టి వీధిలోంచే పోవాలి. మూటల బరువుకు ఇరుసులు కిర్రుమంటుంటే జనం అరుగుల మీద కూర్చుని చూశారు. ఎవరూ చెయ్యి చాపలేదు. చాపకూడదని వాళ్ళకు చిన్నప్పటినుంచీ నేర్పారు.

తంగానికి పాలు తగ్గాయి. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. వీరమ్మాళ్ పాతరలోంచి నల్లజొన్నలు తోడి, కడిగి, ఎండబెట్టి, మళ్ళీ కడిగింది. కంపు పోలేదు. దంచి సంకటి చేసింది. గిన్నె దించగానే ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు నేను తింటా. నాకు ఏమీ కాకపోతే రేపు మీరు తినండి."

"వద్దత్తా."

"పండ్లు లేవు గాబట్టి రుచి తెలీదులే. ఇట్ల పెట్టు."

ఆ రాత్రే వాంతులు మొదలయ్యాయి. మర్నాడు కళ్ళు తేలేసింది. మూడోనాటికి లేదు. చివరిదాకా ఆమె అడిగింది ఒక్కటే: "బాలింత పిల్ల తినలే గదా?"

వయసైపోయింది, కాలం వచ్చింది అన్నారు ఊళ్ళోవాళ్ళు. తిరుపతిసామీ అదే అన్నాడు.

"కాలం రాలే" అంది వీరమ్మాళ్. "జొన్నలు వచ్చినాయి."



మళ్ళీ బండ్లు వస్తున్నాయని తెలిసిన పొద్దున ఆమె గడ్డపార తీసుకుని వాకిట్లోకి వచ్చింది. పద్మం మీద నిలబడి మట్టి పెకలించింది. కృష్ణసామి వచ్చి మూతకు భుజం పట్టాడు. ఇద్దరూ కలిసి ఆ రాతిని దొర్లించి బండ్లు పోయే దారికి అడ్డంగా పడేశారు. కంపు వీధంతా పాకింది. ముందు బండి ఎద్దులు ముట్టెలెగరేసి ఆగిపోయాయి.

తిరుపతిసామి పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "మూసెయ్! ఊరి పరువంతా వీధిలో పెడతావా?"

"మీ అమ్మ తినింది ఇదే బావా. చూసుకో."

ఆయన గొయ్యిలోకి చూశాడు. తర్వాత వెళ్ళి తన అరుగు మీద కూర్చున్నాడు.

బండి దిగి మునియప్పన్ వచ్చాడు. పైగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. వీరమ్మాళ్ తమిళంలోకి మారింది. వ్యాపారుల్ని అక్కడ పిలిచేటట్టే పిలిచింది.

"గుడ్డ తియ్యి ముదలాళీ. ఆ రోజు నువ్వు నిలబడింది దీని మీదే. ముగ్గు బాగుందంటివే."

"అమ్మా, ఇదేమిటి? ఆ రోజే చెప్పి ఉంటే..."

"నువ్వు అడిగితివా? గోడలు తట్టితివి. ఏం తింటున్నారని ఒక్కరినన్నా అడిగితివా? మా ఊర్లో గోడలు నమిలేవాళ్ళు ఉండారా?"

"సంఘం పెట్టుకున్న పద్ధతి అది. అందరికీ చాలదు కదా. ఏదో ఒకటి చూసి తేల్చాలి కదా."

"నువ్వు గింజల వ్యాపారివి. అంగట్లో దినమూ గింజ పంటికింద వేసి చూడనిదే మూట కొనవు. మా ఊరికి వచ్చేటప్పుడు ఆ పన్ను యాడ పెట్టొచ్చినావు? మాకున్న ఆఖరి బియ్యం నీకు వండి పెడితిమి. తిని, చెయ్యి కడుక్కోని, ఈ ఊరు నిండుగా ఉందని పోతివి. మేము పెట్టిన అన్నమే మా నోట మన్ను కొట్టె!"

ఆమె వంగి ఒక పిడికెడు నల్లజొన్నలు తీసి అతని ముందు పట్టింది. "చూడు. ఇప్పుడన్నా చూడు."

మునియప్పన్ ముందుకు వంగి ఆ గింజల్ని చూశాడు. తర్వాత, ఎన్నో ఏళ్ళుగా అంగట్లో చేసే పని కాబట్టి, చెయ్యి దానంతటదే లేచినట్టు ఒక గింజ తీసి నోటికి పెట్టుకోబోయాడు.

వీరమ్మాళ్ ఫెడీమని అతని చేతి మీద కొట్టింది. గింజ ఎగిరి బురదలో పడింది.

"వద్దు!" అని అరిచింది. "తిని ఒకరు పోయినారు."

బండివాళ్ళు నోరు తెరిచి చూస్తున్నారు. పరాయి మగవాణ్ణి, అంత పెద్ద వ్యాపారిని, ఒక ఆడది కొట్టింది. అప్పుడు పక్కింటి ముందు రాయి దొర్లిన చప్పుడైంది. తిరుపతిసామి భార్య పట్టమ్మాళ్ తమ పాతర మూత లాగుతోంది. ఆయన అరుగు మీదే ఉన్నాడు. వద్దనలేదు, సాయానికీ లేవలేదు. ఆ తర్వాత ఎదురింట్లో. ఆ తర్వాత వీధి చివర. ఇన్నేళ్ళూ ఒకరికొకరు చూపించుకోని పాతరల్ని ఆడవాళ్ళు పగటి వెలుగులో ఒక్కొక్కటే తెరిచారు.

మునియప్పన్ పైగుడ్డ భుజాన వేసుకుని వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచాడు. ప్రతి గొయ్యి దగ్గరా ఆగాడు. తిరిగి వచ్చేసరికి ముఖం మారిపోయింది.

"సగం ఇక్కడ దించండి" అన్నాడు బండివాళ్ళతో. "తక్కింది తూర్పు ఊళ్ళకే. కానీ అక్కడ గోడలు చూడొద్దు. మళ్ళీ బండ్లు వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను."

అతని నోట ఆ మాట రావడానికి ఒక ముసలామె పోవలసివచ్చింది.

తిరుపతిసామి అరుగు మీదనుంచి లేచాడు. ఆయనకు తెలిసిన మర్యాద ఒక్కటే మిగిలింది. గొంతు సవరించుకున్నాడు. "వీరమ్మా, పెద్దమనిషి ఎండలో నిలబడి ఉండాడు. మంచినీళ్ళు తీసుకురా."

వీరమ్మాళ్ కదల్లేదు. తెరిచిన పాతర పక్కన, చేతిలో గడ్డపారతో, బండి మీద మొదటి మూట కేసి చూస్తూ నిలబడింది.

"ముందు దించనీ బావా" అంది. "నీళ్ళు యాడికీ పోవు."