ఆడ్రీ కిటికీ కింద బల్ల

"క్లైవ్‌ని అనడానికేముంది తల్లీ! తప్పంతా నా నోటిది. 'హాల్లో పెట్టుకుంటే నీకేమైనా అభ్యంతరమా బెరిల్?' అని ఆ మనిషి సూటిగానే అడిగాడు. నేనేమన్నాను? 'అబ్బే, నాదేముంది, మీ అందరికీ ఎలా వీలైతే అలాగే కానివ్వండి' అన్నాను. నా నాలుక కాలిపోనూ!"

ఈ మాటలంటూనే బెరిల్ ఓర్మెరాడ్ ఓవెన్‌లోంచి, పిండిలో మాంసం చుట్టి కాల్చిన సాసేజ్ రోల్స్ పళ్ళెం తీసి బల్ల మీద దభీమని పెట్టింది. రెండు రోల్స్ ఎగిరి నేల మీద పడ్డాయి. వాటిని కాలితో పొయ్యి కిందికి తోసేసింది. డెబ్బై ఏడేళ్ళ మనిషి. కోపం వస్తే ఆమె చేతుల్లో వస్తువులకి రక్షణ లేదని మా టెంటర్ వీధిలో అందరికీ తెలుసు.

వంటగది గుమ్మంలో నీళ్ళోడుతున్న గొడుగుతో నిలబడింది పక్కింటి హేజల్. వీధిలోకి వచ్చి ఎనిమిదేళ్ళయినా ఆమె ఇంకా 'ఆ కొత్తావిడే'. బెరిల్‌ని పిలుచుకు రమ్మని క్లైవ్ పంపితే వచ్చింది. పొద్దున లండన్‌లో రాజుగారికి కిరీటం పెట్టడం అందరూ టీవీలో చూసేశారు. ఇప్పుడు ఆ సంబరం చేసుకోవడానికి వీధి జనమంతా రెండు వీధుల అవతల మెథడిస్టు చర్చి హాల్లో చేరి, సాసేజ్ రోల్స్ కోసం ఎదురు చూస్తున్నారు.

"హాలు బాగానే అలంకరించారు, బెరిల్ గారూ. హీటర్లు కూడా వేశారు," అంది హేజల్ మెల్లిగా.

"హీటర్లు! పట్టాభిషేకానికి హీటర్లు!"

అసలు సంగతి గురువారం నాటిది. శనివారమంతా వానేనని రేడియోలో చెప్పారు. క్లైవ్ బస్సు కంపెనీలో ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషి, పద్ధతి ప్రకారం నడిచేవాడు. సంబరానికి వీధిలోకి బళ్ళు రాకుండా మూసుకోవడానికి ఊరి కౌన్సిల్ నుంచి అనుమతి తెచ్చింది అతనే. అందర్నీ కూర్చోబెట్టి, సంబరం వీధిలోనా, హాల్లోనా అని ఒక్కొక్కరినే అడిగాడు. మా వీధిలో ఎవరికీ ఏదీ కావాలని ఉండదు. ఉన్నా నోటితో అనరు. ఒకరు "నాకేదైనా ఒకటే" అన్నారు, ఒకరు "నా గురించి చూడకండి" అన్నారు. ఇంకొకరు, వానలో కూర్చోవడమంటే పడి చచ్చే మనిషి, "హాలైతే పెద్దవాళ్ళకి సుఖంగా ఉంటుందేమో" అన్నారు. ఆ పెద్దవాళ్ళు బెరిల్ వైపు చూశారు. బెరిల్ నవ్వి, 'నాదేముంది' అనేసి, టీ తాగింది. అలా ఎవరికీ ఇష్టం లేని హాలు అందరి సమ్మతితో ఖాయమైపోయింది.

బెరిల్ ఇంటికి వచ్చి, తలుపేసుకుని, కోటు విప్పకుండా మెట్ల మీద కూర్చుండిపోయింది. హాల్లో పెడితే ఆడ్రీ సంగతేమిటి?

ఆడ్రీ ఉండేది ఎదురింట్లో. గుండె దెబ్బతిని, క్రిస్మస్ నుంచీ మేడ మీది ముందు గది దాటి రాలేదు. ముక్కుకి ప్రాణవాయువు గొట్టం. మెట్లు దిగడం జరిగే పని కాదు. ఆమెకి మిగిలిందల్లా వీధి మీదికి ఉన్న కిటికీ ఒక్కటే. వీధిలో బల్లలు వేస్తే ఆడ్రీ కూడా సంబరంలో ఉన్నట్టే. హాల్లో పెడితే లేనట్టే. ఇంకో పట్టాభిషేకం దాకా ఆగే ఓపిక ఆ గుండెకి లేదు.

"నేనే వెళ్ళి చెప్పాను దానికి," అంది బెరిల్, రోల్స్ మీద తువ్వాలు కప్పుతూ. "'హాల్లో పెడుతున్నారే ఆడ్రీ' అన్నాను. 'మంచి పని చేశారు, నాకోసం ఏమీ చూడొద్దు' అంది. అని టీవీ సౌండు పెంచింది. గుర్రప్పందాలు! పుట్టి బుద్ధెరిగి గుర్రప్పందాలు చూసిన మొహమేనా అది?"

హేజల్ గొడుగు గోడకి ఆనించి కుర్చీ లాక్కుంది. పిలుచుకుపోవడానికి వచ్చిన మనిషి కూర్చుందంటే ఇక కథ బయటికి వస్తుందని బెరిల్‌కీ తెలుసు.

"రాణిగారి పట్టాభిషేకానికి నాకూ ఆడ్రీకీ ఏడేళ్ళు. ఇదే వీధి, ఇంతకన్నా పెద్ద వాన. మా అమ్మలు బల్లలు ఒక్క అంగుళం కదిపితే ఒట్టు. బల్లల మీద ఎర్రవీ నీలంవీ ముడతల కాగితాలు పరిచారు. ఆ రంగంతా కారి ఆడ్రీ తెల్ల గౌను మీద పడింది. చర్చికని కుట్టించిన గౌను అది! ఏడుస్తుంటే చెయ్యి పట్టుకుని బల్ల కిందికి లాక్కుపోయాను. అక్కడే కూర్చుని ఒక్క గిన్నెలో జెల్లీ తిన్నాం, చేతుల్తో. సగం జెల్లీ, సగం వాననీళ్ళు. 'మళ్ళీ పట్టాభిషేకం వస్తే ఇక్కడే కూర్చుందామే' అంది. సరేనన్నాను. ఎంత కాలమయిందీ! ఇప్పుడొచ్చింది. నన్నడిగితే నేనేమన్నాను? మీకెలా వీలైతే అలాగే అన్నాను!"

అని చటుక్కున లేచింది. మెట్ల కింది అరలోంచి పొడుగాటి మడత బల్ల ఒకటి బరబరా బయటికి లాగింది. పోయిన మొగుడు ఫ్రాంక్ గోడలకి కాగితాలు అతికించడానికి వాడినది. అంచుల్లో ఎండిన జిగురు ఇంకా ఉంది.

"ఆ కొస పట్టుకో తల్లీ."

"వాన ఆగలేదండీ."

"ఆగమని ఎవరడిగారు?"

వీధికి రెండు వైపులా కౌన్సిల్ వాళ్ళ అడ్డుకంచెలు. కార్లన్నీ వెనక సందుల్లోకి తోలేశారు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చిన్న చిన్న జెండాల తోరణాలు తడిసి, బరువెక్కి, మెడలు వాల్చేశాయి. సంబరానికని ఖాళీ చేసిన వీధిలో సంబరం తప్ప అన్నీ ఉన్నాయి.

ఆడ్రీ కిటికీ కింద బల్ల కాళ్ళు విప్పబోతే కొక్కెం పట్టేసింది. బెరిల్ మొగుణ్ణి తిట్టింది, కొక్కేన్ని తిట్టింది, క్లైవ్‌నీ వాతావరణ శాఖనీ కలిపి తిట్టింది. చివరికి మోకాలితో ఒక్కటి ఇస్తే కాళ్ళు తెరుచుకున్నాయి. పరిచిన గుడ్డ పరిచినంత సేపట్లో తడిసింది. పెద్ద గొడుగు విప్పారో లేదో, గాలికి పువ్వులా వెనక్కి తిరిగి, రెండు కమ్ములు విరిగాయి. సాసేజ్ రోల్స్ మీది తువ్వాలులోంచి నీళ్ళు ఇంకుతున్నాయి. బెరిల్ ఆ రోల్స్ వైపు చూసింది. పొద్దున్నే లేచి పిండి కలిపింది. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

పైన ఆడ్రీ కిటికీ తలుపు కిర్రుమంటూ నాలుగు వేళ్ళంత మీదికి జరిగింది.

"ఏమే బెరిల్! మతిగాని పోయిందా? ఈ వయసులో న్యుమోనియా తెచ్చుకుంటావా?"

"వస్తే రానీ. కిటికీ ఇంకాస్త ఎత్తు. నీ గడ్డం తప్ప ఏమీ కనపడట్లేదు."

"హాల్లో అందరూ నీకోసం చూస్తుంటారే. వెళ్ళు. నాదేముంది, నాకేం పర్లేదు."

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఈ రోల్ పెట్టి కొడతాను. ఎలాగూ మెత్తబడింది, దెబ్బ తగల్దు. సూటిగా చెప్పు ఆడ్రీ. సంబరం ఇక్కడ కావాలా వద్దా?"

హేజల్ బల్ల కొస పట్టుకుని, తలెత్తకుండా నిలబడింది.

"అంటే... ఎవరికీ ఇబ్బంది లేకపోతే..." అంది ఆడ్రీ.

"అవునా? కాదా?"

"అవునే, ముసలిదానా! అవును!" కిటికీ ఒక్కసారిగా సగం దాకా లేచింది. గొట్టం అంటించిన ముక్కు, ఎర్రబడ్డ కళ్ళు, తల మీద బంగారు కాగితంతో చేసిన కిరీటం. ఎవరికోసం చేసుకుందో, ఎప్పుడు చేసుకుందో. "ఆ హాలంటే నాకు మొదట్నుంచీ కంపరం. చాలా? సంతోషమా?"

బెరిల్ కుర్చీ లాక్కుని తడి మీదే కూర్చుంది. సంతోషమేమీ కలగలేదు. ఖాళీ వీధి, ఒక్క బల్ల, ఒక్క ముసలి మనిషి. ఆడ్రీ పైనుంచి వీధి ఈ చివరికీ ఆ చివరికీ చూస్తోంది, ఇంకెవరైనా వస్తున్నారేమోనని. దీన్ని పట్టాభిషేకమంటారా? గురువారం ఒక్క మాట అని ఉంటే ఈపాటికి ఇక్కడ పిల్లలు బల్లల చుట్టూ పరుగెత్తుతూ ఉండేవాళ్ళు.

"నేను హాలుకి వెళ్ళి, వాళ్ళకి వీలవుతుందేమో మెల్లిగా అడిగి చూడనా?" అంది హేజల్.

"అడగొద్దు!" బెరిల్ బల్ల మీద కొడితే పళ్ళెంలో నీళ్ళు చిందాయి. "అడిగావంటే చచ్చామే. అందరూ మాకేదైనా ఒకటే అంటారు, ఒక్కడూ కుర్చీ దిగడు. అడక్కు, చెప్పు. బెరిల్ గురువారం అబద్ధమాడింది అని చెప్పు. ఆమెకి సంబరం వీధిలోనే కావాలి, ఆడ్రీ కిటికీ కిందే కావాలి, ఇప్పుడే కావాలి అని చెప్పు. చివర్న 'మీకు వీలైతే' అని తగిలించావో, నీతో మాట్లాడను. టీ డ్రమ్ము క్లైవ్‌నే మోసుకు రమ్మను, వాడి నడుం బాగానే ఉంది. ఇంకా... జెల్లీ ఉంటే ఒక గిన్నె తే. ఒక్కటే చాలు. వెళ్ళు తల్లీ, నిలబడి చూస్తావేం?"