మా మామ పెన్సిల్ పాయింటర్

దయ్యాలున్నాయంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం గోలీ వెయ్యండి అని పోట్లాడే రకం నేను. ఇప్పటికీ అంతే. కానీ ఇది నా బిడ్డ మీదికి వచ్చింది గనుక ఎంత సర్దిచెప్పుకున్నా మింగుడు పడడం లేదు.

నేను వికారాబాద్‌లో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతాను. మా ఆయన తండ్రి, మా మామది కూడా ఇదే విద్య. తాండూరులో నాపరాయి గనులకు నక్షాలు గీసేవాడు. ఒకే పని చేసేవాళ్లం, ఆయనతో బాగానే పొసగుతుందనుకున్నాను. ఎక్కడ! మా పెళ్లే ఆయనకు ఇష్టం లేదు. నేను వండింది తినలేదు. నాతో ఒక్కసారి కూడా నేరుగా మాట్లాడలేదు. నేను ఎదురుగా నిలబడి ఉన్నా మా ఆయన వైపు తిరిగి, "గామెకు చెప్పు, నా బల్ల ముట్టొద్దని. మొన పోతది" అనేవాడు.

మొన అంటే పెన్సిల్ మొన. ఆ బల్ల అంచుకు పాతకాలపు పాయింటర్ ఒకటి బిగించి ఉండేది. పిడికిలంత ఇనుప డబ్బా. ముల్లు మార్చుకునే డ్రాయింగ్ పెన్సిల్‌ను మూతలోని రంధ్రంలో పెట్టి గిరగిరా తిప్పితే, లోపలి పళ్ల చక్రం దాని ముల్లును సూదిలా అరగదీస్తుంది. మామది ఎడమచేతి వాటం. ఎడమ చేత్తో తిప్పి, మొనను ఉన్నిగుడ్డలో ఒకసారి గుచ్చి తీసి, కుడి చేతి వెనక గీరి చూసుకునేవాడు. గీత సన్నగా పడితేనే కాగితం మీద పెట్టేవాడు.

మా బిడ్డ శ్రావ్య ఇంకా బోర్లా కూడా పడని రోజుల్లో ఆయన పోయాడు. పోయినవాళ్లు చేత్తో వాడిన వస్తువును ఇంట్లో ఉంచుకోకుండా బయటివాళ్లకు ఇచ్చెయ్యడం మా అత్తగారింటి ఆనవాయితీ. పాయింటర్‌ను కూడా ఇచ్చెయ్యమంది అత్తమ్మ. అలాంటిది ఇప్పుడు కొందామన్నా దొరకదు. పైగా ఆ ఇంట్లో దాని విలువ తెలిసింది నాకొక్కదానికే. పట్టుబట్టి తెచ్చుకుని సజ్జ మీద పెట్టాను.

పోయిన వానాకాలం దాన్ని దించి క్లాసుకు తీసుకెళ్లాను. నేను తిప్పితే ముల్లు మొద్దుగా, ఎవరో కోసినట్టు బయటికొచ్చింది. ఇంకో ముల్లు వేశాను, అదే తీరు. తుప్పు పట్టిందేమోనని నూనె వేశాను. మాతో పనిచేసే యాదగిరి సార్ అదే పెన్సిల్ పెట్టి తిప్పితే సూది! మళ్లీ నేను తిప్పితే మొద్దు. "గట్టిగ అదుముతున్నరు మేడం, జర అల్కగ తిప్పుండ్రి" అని ఆయన నవ్వాడు. నాకు తిక్క రేగింది. దీని సంగతేదో తేల్చాలని ఇంటికి తెచ్చి భోజనాల బల్లకు బిగించాను.

నాకు లొంగలేదు. శ్రావ్యకు లొంగింది. రెండో తరగతి పిల్ల, బడి నుంచి రాగానే నా డ్రాయింగ్ పెన్సిల్ పట్టుకుని దాని ముందే కూర్చునేది. మొదట ముద్దుగానే అనిపించింది. ఒకరోజు చూస్తే ఎడమ చేత్తో తిప్పుతోంది. మొనను తన స్వెట్టర్ అంచులో గుచ్చి తీసి, కుడి చేతి వెనక గీరి చూసుకుంది. కొద్దిరోజులకే రాత కూడా ఎడమ చేతికి మారింది. ఎడమచేతి వాటం తప్పేమీ కాదు. కానీ నా బిడ్డది కాదది.

తర్వాత నా చేతి ముద్ద తినడం మానేసింది. వాళ్ల నాన్న పెడితే తింటుంది, నేను పెడితే మొహం తిప్పుకుంటుంది. డాక్టర్‌కు చూపిస్తే ఏమీ లేదన్నాడు.

ఒక ఆదివారం పొద్దున ఉప్మా ప్లేటు పెట్టడానికి దాని పెన్సిళ్లు పక్కకు జరిపాను. శ్రావ్య నా వైపు చూడనే లేదు. వాళ్ల నాన్న వైపు తిరిగి అంది: "గామెకు చెప్పు, నా బల్ల ముట్టొద్దని. మొన పోతది."

మా ఆయన చాయ్ కప్పు కింద పెట్టేశాడు. "ఇది బాపు మాట" అన్నాడు. నువ్వే నేర్పావా అని ఆయన గల్లా పట్టుకున్నంత పని చేశాను. పిల్ల మీద ఒట్టు, ఎప్పుడూ అనలేదన్నాడు. తాండూరుకు ఫోన్ చేసి అత్తమ్మను అడిగితే, "ఆ మాట పోరికి నేనెందుకు చెప్తనే? అప్పుడే ఎవలకన్న ఇచ్చెయ్యమంటి గదా, ఇన్నవా?" అని నన్నే తిట్టింది.

నాకు భయం వెయ్యలేదు. కోపమొచ్చింది. బతికున్నన్నాళ్లూ నన్ను గామె అన్నాడు, పడ్డాను. ఇప్పుడు నా కడుపున పుట్టినదాని నోటితో అనిపిస్తాడా? డబ్బాను ఊడబీకి సంచిలో వేసుకుని తాండూరు రైలెక్కాను. అక్కడ రాయి తీసి వదిలేసిన గని గుంతలు నీళ్లతో నిండి ఉంటాయి. ఒకదాని అంచున నిలబడి, "నీ డబ్బా నువ్వే ఉంచుకో మామా! నా బిడ్డ జోలికొస్తే మర్యాద దక్కదు!" అని అరిచి విసిరేశాను. మేకలు కాస్తున్న ముసలమ్మ ఒకామె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఆయనతో నేరుగా మాట్లాడడం నాకు అదే మొదటిసారి.

ఇంటికొచ్చేసరికి శ్రావ్య గుమ్మంలో ఉంది. "అమ్మా, ఆకలైతుంది" అంది. పప్పన్నం కలిపి ముద్ద పెడితే నోరు తెరిచింది. నాకు ఏడుపు ఆగలేదు. మధ్యాహ్నం ఉన్నట్టుండి ఎడమ చెయ్యి సల్లగైతుందని ఒకటే ఏడ్చిందని మా ఆయన చెప్పాడు. నేను గుంత దగ్గరున్నది ఆ వేళకే.

పిల్లలు ఎక్కడో విన్న మాట పట్టుకుంటారని యాదగిరి సార్ అన్నాడు. కావచ్చు. మరి పిల్ల బోర్లా పడకముందే ఆగిపోయిన మాటను ఎక్కడ విన్నట్టు? ఎంత తల బాదుకున్నా నాకు తెలియలేదు.

ఇప్పుడు దాని పెన్సిళ్లన్నీ బ్లేడుతో నేనే చెక్కుతాను. చెక్కి ఇచ్చేటప్పుడు మొన ఎట్లా వచ్చిందో చూడను. ఏ చేత్తో అందుకుంటుందో చూస్తాను.