కారే మోట లెక్క

మొన్న మా మనవరాలు తన కాలేజీ పుస్తకంలోంచి, కప్పీ మీది తాడుకు బరువు లేదనుకోమనే లెక్క ఒకటి చదివి వినిపిస్తుంటే నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఎల్లారెడ్డిలో మా బావి మీద తడిసిన మోట తాడును భుజానికెత్తుకున్న వాడెవడూ ఆ మాటకు ఒప్పుకోడు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో, నిజాం పాలనలో, నేను కామారెడ్డి బడిలో లెక్కల పంతులుగా చేరాను. పాఠమంతా ఉర్దూలోనే చెప్పాలి. ఇంట్లో తెలుగు తప్ప ఎరుగని పిల్లలు బలాల సూత్రాలను అర్థం కాకుండా వల్లిస్తుంటే చూడలేక, ఒకనాడు తరగతినంతా బడి వెనుక బావికి తీసుకుపోయి, ఎడ్లు వాలులోకి దిగుతుంటే నీళ్ల తోలుమోట ఎలా పైకొస్తుందో, ఆ లాగడంలో వాటి సొంత బరువు ఎంత సాయపడుతుందో తెలుగులోనే విప్పి చెప్పాను. ఎన్నడూ నోరు తెరవని పిల్లలు ఆనాడు నన్ను ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు. మోట కారుతూ వస్తోంది కదా, మరి దాని బరువు ఎంతని వేసుకోవాలని ఎవరో అడిగితే నాకే జవాబు తోచలేదు.

ఆ రోజే తనిఖీకి వచ్చిన అధికారి ఖాళీ గదిని చూసి, పాఠం తెలుగులో చెబుతున్నానని తెలిసి మండిపడ్డాడు. తప్పయిందని రాసిస్తేనే నౌకరి ఉంటుందన్నాడు. రెండు వాక్యాలు రాసి పారేయమని పెద్ద పంతులు బతిమిలాడాడు. నేను రాయలేదు.

ఇంటికి చేరితే బాపు, అంటే మా నాన్న, నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏంది, నౌకరి ఇడిసిపెట్టి వచ్చినవా?"

"నేను ఇడువలే బాపు, వాళ్లే తీసేసిండ్రు. తప్పైందని రాయమన్నరు. రాయలే."

బాపు ఎద్దు వీపు నిమిరాడు.

"తప్పు జెయ్యకుంటే ఎందుకు రాస్తవ్? గిట్ల రా, మోట కట్టు."

ఆ ఎండాకాలమంతా మోట తోలుతూ, కారే మోట బరువెంతన్న ఆ పిల్లల ప్రశ్ననే నెమరేశాను. తరువాత పట్నంలో పరిశోధనకు చేరినప్పుడు, కదులుతూ బరువు కోల్పోయే వస్తువుల గమనాన్నే ఎంచుకున్నాను. కారే మోట పరిశోధనకు తగదనీ, నవ్వులపాలవుతాననీ ఆచార్యులు హెచ్చరించారు. సమీకరణాల్లో తప్పుంటే చూపమన్నాను గాని మోటను మాత్రం తీసేయలేదు. పట్టా ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది. ఆపైన కాలేజీలో అనువర్తిత గణితం చెప్పినన్నాళ్లూ మొదటి పాఠం ఆ మోటే.

ఇప్పుడు మోటలు లేవు. కరెంటు మోటార్లొచ్చి ఎడ్ల మెడలకు కాయలు కాయడం తప్పింది, అందుకు నాకు సంతోషమే. తెలుగులో చెప్పినందుకు నౌకరి పీకేవారూ లేరు. అయినా ఏ బడి ముందునుంచి పోయినా, మూసిన తలుపుల వెనుక పిల్లలు ఒక్క గొంతుతో వల్లించడమే వినిపిస్తుంది. బయటికి తీసుకుపోవద్దని ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఎవరూ తీసుకుపోవడమూ లేదు. నా ఈడువాళ్లారా, మీరే చెప్పండి, ఆనాడు అడ్డుకునేవాడున్నాడు గనుక ఎదిరించాను; ఎవరూ అడ్డుకోని ఈ రోజుల్లో నేనెవరి మీద తిరగబడాలి?